బొమ్మ తగ్గొచ్చు, బండి తగ్గకూడదు

(బరంపురంలో తెలుగు విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సాయంత్రం సభలో ఒక గేమ్ ప్రోగ్రామర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న మాస్టార్లలో ఒకరిద్దరు నాకు లెక్కలు చెప్పినవాళ్లే. అంకెలు తప్పితే అక్కడికక్కడే పట్టుకుంటారు, కాబట్టి కాస్త టెన్షన్‌గానే ఉంది. (నవ్వులు.) ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీ పుస్తకంలో ఇంగ్లిషు. ఇక్కడున్న పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి. నాదీ అదే. తెలుగు వింటే తెలుస్తుంది గాని చదవమంటే తడుముకునేవాళ్లు ఉంటారని, తెర మీద ఏమీ రాసి చూపించడం లేదు. వింటే చాలు. ఒక యంత్రం కోసం చేసిన రేసు ఆటని ఇంకో యంత్రం మీదకి ఎలా తెస్తామన్నదే ఈ సాయంత్రం కబురు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను పనిచేసిన ఆటల పేర్లు అడగొద్దు. ఉద్యోగంలో చేరిన రోజే రహస్యం బయటపెట్టనని సంతకం పెడతాం. కొత్త కన్సోల్, అంటే వీడియో ఆటలాడే యంత్రం, దుకాణానికి రాకముందే ఆటలు తయారుచేసేవాళ్ల కోసం చేసిన దాని డెవలపర్ యంత్రం మా బల్ల మీదకి వస్తుంది. దాన్ని ఫొటో తీసి అమ్మకి పంపడానికి కూడా వీల్లేదు. అందుకని లోకమంతా ఎరిగిన ఆటలతోనే ఈ సాయంత్రం కథ నడిపిస్తాను. పాఠానికి అవే బాగుంటాయి, ఎందుకంటే వాటిలో ఏం తెగ్గోశారో ఇప్పుడు అందరికీ తెలుసు.

విషయం ఇది. ఒక కార్ల రేసు ఆట ఉంది. ఒక యంత్రం మీద చక్కగా ఆడుతోంది. టీవీకి తగిలించుకునే కొత్త కన్సోల్ ఒకటి వచ్చింది, ఆటని దాని మీదకి తేవాలి. దీన్ని పోర్టింగ్ అంటాం. మన ఊళ్లో పట్టు నేసే ఇళ్లవాళ్లకి ఈ పని చెప్పకుండానే అర్థమవుతుంది. పెద్ద ఇంట్లో ఉన్న గుంట మగ్గాన్ని చిన్న ఇంట్లోకి మార్చారనుకోండి. గుంట కొత్తగా తవ్వాలి, తాళ్లు కొత్తగా కట్టాలి, వెలుగు ఎటునుంచి పడుతుందో చూసుకోవాలి. ఇంత చేశాక దిగే చీర మాత్రం పాత చీరే కావాలి, అంచు మీద అదే కుంభం కనబడాలి.

రేసు ఆటలో ఆ చీర ఏది? చాలామంది బొమ్మ అనుకుంటారు. మెరిసే కారు, తడి రోడ్డు మీద దీపాల నీడ. నేను ఒప్పుకోను. చెయ్యి తిప్పాక కారు ఎంతసేపట్లో తిరుగుతుంది, బ్రేకు వేశాక ఎంత దూరంలో ఆగుతుంది, మలుపు కంటికి కనబడ్డాక ఆలోచించుకోవడానికి ఎంత సమయం దొరుకుతుంది, ఇవే చీర. అంటే కాలం. ఆ కాలం చెడకుండా తీసుకురాగలిగితే మిగతా దేని మీదైనా బేరం ఆడొచ్చు. ఈ మాట ఊరికే అనడం లేదు, ముప్పయ్యేళ్ల కిందటి సాక్ష్యం ఉంది.

1993లో జపాన్‌లో నామ్కో కంపెనీ రిడ్జ్ రేసర్ అనే ఆర్కేడ్ ఆట తెచ్చింది. ఆర్కేడ్ అంటే నాణెం వేసి ఆడే పెద్ద పెట్టె, సీటూ స్టీరింగూ అన్నీ ఉంటాయి. సెకనుకు 60 బొమ్మలు, అంటే 60 ఫ్రేములు చూపించేది. మరుసటి ఏడాది, 1994 డిసెంబర్ 3న, సోనీ తన మొదటి ప్లేస్టేషన్‌ను జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. అదే రోజు ఇంటి రిడ్జ్ రేసర్ కూడా వచ్చింది. ఆ ప్లేస్టేషన్‌లో ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు, బొమ్మల కోసం ఇంకో మెగాబైటు, ప్రాసెసర్ వేగం సుమారు 34 మెగాహెర్ట్జ్. మీ ఫోన్లో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

మరి ఆర్కేడ్ పెట్టె అంతా అందులోకి ఎలా దూరింది? దూరలేదు. 60 ఫ్రేములు 30 అయ్యాయి. బొమ్మ స్పష్టత తగ్గింది. కానీ ఆ 30 నిలకడగా ఉంది. కారు పక్కకి జారుతూ మలుపు తిరిగే తీరు మిగిలింది. ఆడినవాళ్లకి ఇంట్లో ఆర్కేడ్ ఉన్నట్టే అనిపించింది.

ఇంకో తమాషా కూడా చెప్పాలి. సీడీ మీంచి ఆట లోడ్ అయ్యేంతసేపు ఊరికే కూర్చోబెట్టకుండా, నామ్కో వాళ్ల పాత ఆట గెలాక్సియన్‌ను ఆడనిచ్చేవారు. అందులో శత్రువులందర్నీ కాల్చేస్తే అసలు ఆటలో అదనపు కార్లు దొరికేవి. ఒకసారి లోడ్ అయిందంటే ఆట మొత్తం మెమరీలోనే ఉండేది. అందుకని సీడీ తీసేసి మీకిష్టమైన పాటల సీడీ పెట్టుకుని రేసు ఆడుకోవచ్చు! 2 మెగాబైట్లలో సర్దాల్సి రావడం ఒక కష్టం. ఆ కష్టంలోంచే ఒక సదుపాయం పుట్టింది. నాకీ పనిలో అన్నిటికంటే నచ్చే ఉదాహరణ ఇదే.

ఇప్పుడు దాని పక్కనే సెగా కంపెనీ కథ. వాళ్ల డేటోనా యూఎస్ఏ కూడా ఆర్కేడ్‌లో 60 ఫ్రేముల ఆటే, మొదటి ట్రాక్‌లోనే 40 కార్లు. దాన్ని తమ సొంత కన్సోల్ శాటర్న్ మీదకి 1995 ఏప్రిల్‌లో తెచ్చారు. ఆ మే నెలలో అమెరికాలో శాటర్న్‌ను అనుకున్న తేదీకంటే ముందే హఠాత్తుగా విడుదల చేసినప్పుడు డేటోనా కూడా దాంతోపాటే ఉంది. శాటర్న్ చిత్రమైన యంత్రం. రెండు ప్రధాన ప్రాసెసర్లు. అందరూ త్రికోణాలతో బొమ్మ కడుతుంటే ఇది నాలుగు మూలల ముక్కలతో కట్టేది. దానికి చెయ్యి అలవాటు కావాలంటే టైమ్ పడుతుంది, ఆ టైమే వాళ్లకి లేదు. ఫలితం సెకనుకు దాదాపు 20 ఫ్రేములు. పైగా దూరంలో కొండలు, స్టాండ్లు, రోడ్డు ముక్కలు కారు దగ్గరికి వచ్చాక టపీమని ప్రత్యక్షమయ్యేవి.

ఆ రోజుల్లో విమర్శకులు అది చూడటానికి బాగాలేదన్నారు. నా దృష్టిలో అసలు జబ్బు అది కాదు. దూరంగా ఉన్న రోడ్డు ఆలస్యంగా కనబడితే డ్రైవరుకి సమాచారం ఆలస్యంగా అందినట్టు. ఎడమ మలుపు రాబోతోందని తెలియాల్సిన క్షణంలో తెలియలేదు. అక్కడ పోయింది అందం ఒక్కటే అయితే నాలుగు రేసులకి అలవాటు పడిపోయేవాళ్లం.

అదే 1995 చివర్లో, అదే శాటర్న్ మీద, అదే కంపెనీ సెగా ర్యాలీ తెచ్చింది. సెకనుకు 30 ఫ్రేములు, నిలకడగా. మట్టి మీద ఒక పట్టు, తారు మీద ఇంకో పట్టు, కారు తోక ఎప్పుడు జారుతుందో చేతికి తెలిసేది. ఇంటికొచ్చిన ఆర్కేడ్ ఆటల్లో దాన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. యంత్రం మారలేదు, ఏడాది మారలేదు. యంత్రం లోతు తెలిసింది, తెర మీద ఎంత పెట్టాలో బేరం సరిగ్గా కుదిరింది, అంతే.

నామ్కో వాళ్లు తర్వాత ఇంకో బేరం చేశారు. రిడ్జ్ రేసర్ టైప్ 4 అనే ఆటతోపాటు ఒక అదనపు డిస్కు ఇచ్చారు. అందులో పాత రిడ్జ్ రేసరే, అదే ప్లేస్టేషన్ మీద, ఈసారి 60 ఫ్రేములు. ఎలా కుదిరింది? పోటీ కార్ల సంఖ్య బాగా తగ్గించేశారు. మనుషుల్ని తగ్గించి కాలాన్ని కొనుక్కున్నారు.

సరే, చరిత్ర చాలు. లోపలికి వెళ్దాం. లెక్కల మాస్టార్లు ఇక్కడ జాగ్రత్తగా వినాలి.

సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16.67 మిల్లీసెకండ్లు. 30 అయితే 33.33. ఆ వ్యవధిలోనే చెయ్యి ఏం నొక్కిందో చదవాలి, కారు ఎక్కడికి పోయిందో లెక్కకట్టాలి, పోటీ కార్ల బుర్ర నడపాలి, చప్పుడు కలపాలి, బొమ్మ గీయాలి. ఒక్క మిల్లీసెకండు దాటినా ఆ ఫ్రేము తప్పినట్టే, తెర ఒక తృటి పాటు బిగుసుకుంటుంది. సినిమాలో అలా జరిగితే ఎవరూ పట్టించుకోరు. గంటకు 300 కిలోమీటర్ల మీద మలుపు తిప్పుతున్నవాడికి మాత్రం గుండె ఆగినంత పనవుతుంది.

పాత ఆటల్లో ఒక అలవాటు ఉండేది. కారు లెక్కని ఫ్రేముకి ముడిపెట్టేవారు. ఫ్రేము వచ్చిన ప్రతిసారీ గాలి నిరోధం కింద వేగంలో నూటికి ఒక వంతు తగ్గించు అని రాసేవారనుకోండి. యాక్సిలరేటర్ వదిలేసిన కారు 100 దగ్గర ఉంది. 60 ఫ్రేముల యంత్రంలో సెకను గడిచేసరికి 0.99ని అరవైసార్లు గుణిస్తాం, వేగం 55 దగ్గరికి వస్తుంది. అదే కోడ్ 30 ఫ్రేముల యంత్రంలో నడిస్తే? సెకనులో ముప్పైసార్లే గుణింపు, కారు ఇంకా 74 దగ్గర ఉంటుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, కారు మారిపోయింది. మలుపులో గోడకి కొడుతుంది.

టీవీల వల్ల కూడా ఇదే గొడవ వచ్చేది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేవి. యూరప్‌లోనూ మన దేశంలోనూ పాల్ పద్ధతి, 50 సార్లు. సరిచేయకుండా యూరప్‌లో అమ్మేసిన చాలా జపాన్ ఆటలు ఆరో వంతు నిదానంగా నడిచేవి. పిల్లలకి తేడా తెలియలేదు, ఎందుకంటే వాళ్లు చూసిందే అది.

ఇప్పుడు చేసే పద్ధతి వేరు. కారు లెక్కకి సొంత గడియారం ఇస్తాం. బొమ్మ 30 అవనీ 60 అవనీ, కారు లెక్క మాత్రం స్థిరమైన చిన్న అంగల్లో నడుస్తుంది. ఫోర్జా మోటార్‌స్పోర్ట్ అనే రేసు ఆట వాళ్లు సెకనుకు 360 సార్లు ఫిజిక్స్, అంటే ఈ కారు లెక్క, కడతామని చెప్పుకున్నారు. అంత ఎందుకంటారా? సస్పెన్షన్ స్ప్రింగు చాలా గట్టిది. పెద్ద పెద్ద అంగల్లో దాని బలం లెక్కకడితే, ఒక అంగలో అవసరానికి మించి పైకి తోస్తుంది, తర్వాతి అంగలో అంతకు మించి కిందికి లాగుతుంది, కాసేపటికి కారు ఆకాశంలో ఉంటుంది. రేసు ఆటలు చేసిన ప్రతివాళ్లూ ఎగిరే కారు చూసి ఉంటారు. (నవ్వులు.) అంగ చిన్నదైతే స్ప్రింగు బుద్ధిగా ఉంటుంది. కాబట్టి కొత్త యంత్రం బలహీనమైనదైనా ఆ గడియారాన్ని ముట్టుకోనివ్వను. చెట్లు తీసేయండి, జనాన్ని అట్టముక్కలు చేయండి, గడియారం జోలికి మాత్రం రావద్దు అంటాను. మీటింగుల్లో దీని మీద గొడవలు అవుతుంటాయి.

దీనికి తోక లాంటి సమస్య ఇంకొకటి ఉంది, నాకు దాని మీద ప్రత్యేక ప్రేమ. ఘోస్ట్ కారు తెలుసు కదా? మీరు చేసిన ఉత్తమ ల్యాపుని, అంటే ట్రాకు చుట్టూ ఒక చుట్టుని, నీడలాంటి కారుగా పక్కన నడిపిస్తుంది, దాన్ని దాటాలి. కొన్ని ఆటలు ఆ కారు ఎక్కడెక్కడుందో రాసిపెట్టవు. మీరు ఏ క్షణంలో ఏది ఎంత నొక్కారో మాత్రమే దాచి, మళ్లీ మొదటినుంచి లెక్కకడతాయి. జాగా చాలా కలిసొస్తుంది. అయితే పాత యంత్రంలో ట్రాక్ రికార్డు కొట్టిన ఘోస్ట్‌ని కొత్త యంత్రంలో పెడితే అర నిమిషం బాగానే పోయి ఆ తర్వాత తిన్నగా గోడలోకి వెళ్లొచ్చు. దెయ్యం పట్టినట్టే. అసలు కారణం దశాంశాలు. రెండు అంకెలు గుణించి మూడోది కూడాలి. ఒక ప్రాసెసర్ గుణించాక ఒకసారి చివరి అంకెని సవరిస్తుంది, కూడాక మరోసారి సవరిస్తుంది. ఇంకో ప్రాసెసర్ రెండూ కలిపి చేసి చివర్లో ఒక్కసారే సవరిస్తుంది. తేడా ఎక్కడో ఏడో అంకెలో ఉంటుంది. కానీ ఈ ఫ్రేము జవాబే తర్వాతి ఫ్రేముకి ప్రశ్న. వేలసార్లు పోగయ్యాక ఆ ఏడో అంకె రోడ్డు వెడల్పంత అవుతుంది. రెండు ప్రాసెసర్లూ ఒప్పే, అందుకే ఈ బగ్‌ని పట్టుకోవడం అంత కష్టం. మందు ఏమిటంటే, మనం రాసిన కోడ్‌ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్‌ని కట్టడి చేసి లెక్క ఒకేలా జరిగేట్టు చూడాలి, లేదా ఘోస్ట్‌కి కారు స్థానాలే దాచుకోవాలి. రెండోదే మేలని నా అభిప్రాయం. జాగా ఇప్పుడు అంత ఖరీదు కాదు.

ఇలాంటిదే ఇంకొకటి, టూకీగా. పెద్ద అంకెని యంత్రం బైట్లనే ముక్కలుగా దాస్తుంది. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 కన్సోళ్లు అంకెల్లో పెద్ద బైటుని ముందు రాసేవి. తర్వాతి తరం యంత్రాలు చిన్న బైటుని ముందు రాస్తాయి. తిప్పి చదవడం మర్చిపోతే 258 అని దాచింది (ఒక 256, పైన 2) 513 అని వస్తుంది (రెండు 256లు, పైన 1). కారు బరువు అలా వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు రోడ్డు. ఇక్కడినుంచి ఇచ్ఛాపురం హైవే మీద సుమారు పాతిక కిలోమీటర్లు. గంటకి 300 మీద పోతే ఐదు నిమిషాలు. పోలీసులు వదిలితే. (నవ్వులు.) ఆ వేగానికి సెకనుకు 83 మీటర్లు. అంటే 60 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకి దాదాపు 1.4 మీటర్ల కొత్త రోడ్డు కారు కిందకి వస్తుంది. ఆ రోడ్డూ పక్కనున్న చెట్లూ ఇళ్లూ అన్నీ మెమరీలో పట్టవు. ముందున్నవి తెచ్చుకుంటూ, వెనకబడినవి పారేస్తూ పోవాలి. నడిచే మనిషి ఆటలో ఇది సులువు, తలుపు దగ్గర కాసేపు ఆపొచ్చు. రేసు కారుని ఏ వంకతో ఆపుతాం?

మొదటి ప్లేస్టేషన్ సీడీ సెకనుకు 300 కిలోబైట్లు చదివేది. ఆ 2 మెగాబైట్ల మెమరీ నిండడానికే ఏడు సెకన్లు. అందుకే అప్పటి ట్రాకులు చిన్నవి, ముందే లోడ్ చేసేసేవారు. ప్లేస్టేషన్ 5లో ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే డిస్కు లేకుండా చిప్పుల్లో దాచే నిల్వ, సెకనుకు 5.5 గిగాబైట్లు చదువుతుంది. పాత యంత్రంలో డిస్కు మీద చదివే ముల్లు అటూఇటూ తిరగకుండా ఉండటానికి ఒకే చెట్టు బొమ్మని పదిచోట్ల రాసిపెట్టేవాళ్లం. ఎస్ఎస్‌డీకి ఆ అవసరం లేదు, ఆట సైజు తగ్గుతుంది. కొత్త యంత్రానికి పోవడం ప్రతిసారీ కోతే అనుకోకండి, ఇలా కలిసొచ్చేవీ ఉంటాయి.

కోత తప్పని సందర్భం ఎలా ఉంటుందో చెబుతాను. ప్లేస్టేషన్ 4లో మెమరీ నుంచి సెకనుకు 176 గిగాబైట్లు లాగొచ్చు. చేత్తో పట్టుకుని కూడా ఆడుకునే నింటెండో స్విచ్‌లో 25.6. ఏడో వంతు. మొత్తం మెమరీ కూడా 8కి బదులు 4 గిగాబైట్లు. ఆ పరిస్థితిలో నా కత్తెర ఈ వరసలో పోతుంది. ముందు ప్రేక్షకులు. స్టాండులో కూర్చున్నవాళ్లని ఎవరూ చూడరు. తర్వాత కారు మీద పడే ప్రతిబింబాలు, వాటిని తక్కువసార్లు మార్చినా కన్ను పట్టదు. వెనక అద్దం పెద్ద తిండిపోతు, ఎందుకంటే లోకాన్ని రెండోసారి గీయాలి. దాన్ని సగం వేగంతో, తక్కువ చెట్లతో గీస్తే చాలు. ఆ తర్వాత బొమ్మ స్పష్టతని తెర మీది బరువుని బట్టి ఎప్పటికప్పుడు పెంచుతూ తగ్గిస్తూ పోవడం. మొదటి మలుపులో ఇరవై కార్లు ఒకచోట కుమ్ముకున్నప్పుడు మసకబారుతుంది. అప్పుడు మీరెలాగూ బొమ్మ చూసే స్థితిలో ఉండరు.

కత్తెర వేయకూడనివి కూడా ఉన్నాయి. కారు కింది నీడ తీస్తే చక్రాలు నేల మీద ఉన్నాయో గాల్లో ఉన్నాయో తెలియదు. మలుపు ముందు దూరం చెప్పే 100, 50 బోర్డులు డ్రైవరు బ్రేకు వేసే గుర్తులు, అవి దూరం నుంచే కనబడాలి. చూపు కోణం తగ్గిస్తే గీయాల్సినవి తగ్గుతాయి నిజమే, కానీ కోణం ఇరుకైతే అదే 200 వేగం 120లా అనిపిస్తుంది. పేపరు మీద లాభం, ఆటలో నష్టం.

మారియో కార్ట్ 8 చూడండి. ఈ నింటెండో రేసు ఆట 2014లో వాళ్ల వీ యూ అనే కన్సోల్ మీద వచ్చింది, అది పెద్దగా అమ్ముడుపోని యంత్రం. 2017 ఏప్రిల్‌లో డీలక్స్ పేరుతో స్విచ్‌కి తెచ్చారు. లోపలి ప్రాసెసర్ జాతే వేరు. టీవీ మీద స్పష్టత 720 గీతల నుంచి 1080కి పెంచారు. ఒకరు, ఇద్దరు ఆడితే 60 ఫ్రేములు. ముగ్గురు నలుగురు ఒకే తెరని పంచుకుంటే 30. అన్నదమ్ములు నలుగురూ కలిసి ఆడేటప్పుడు వాళ్లకి కావాల్సింది పక్కవాడిని ఓడించడం, అక్కడ 30 చాలనుకున్నారు. నలుగురికీ 60 ఇవ్వాలని పట్టుబడితే ఒంటరిగా ఆడేవాడి బొమ్మ కూడా పాడయ్యేది. నాకు సబబుగానే తోచింది.

గ్రిడ్ ఆటోస్పోర్ట్ అనే రేసు ఆటని 2019లో స్విచ్‌కి తెచ్చిన ఫెరల్ ఇంటరాక్టివ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. బొమ్మ కావాలా, 60 ఫ్రేములు కావాలా, బ్యాటరీ మిగలాలా, మీరే ఎంచుకోండి అని మెనూలో పెట్టేశారు. అయితే ఆ ఆటలో అసలు చిక్కు బొమ్మ దగ్గర రాలేదు, వేలి దగ్గర వచ్చింది.

మీలో కంట్రోలర్ పట్టుకున్నవాళ్లు చెప్పండి, యాక్సిలరేటర్ ఏ వేలితో నొక్కుతారు? చూపుడు వేలు, వెనక ట్రిగ్గర్. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్లలో ఆ ట్రిగ్గర్ ఎంత లోపలికి నొక్కితే అంత గ్యాస్, అంటే యాక్సిలరేటర్ అంత తొక్కినట్టు. స్విచ్‌లో ఆ ట్రిగ్గర్ లైటు స్విచ్చే, వేస్తే వేసినట్టు, లేకపోతే లేనట్టు. సగం బ్రేకు అనేదే లేదు. మలుపులో సగం గ్యాస్ మీద ఆధారపడిన ఆటకి ఇది చావుదెబ్బ. ఫెరల్ వాళ్లు బొటనవేలితో కదిపే కుడి స్టిక్‌తో గ్యాస్ ఇచ్చుకునే వీలు పెట్టారు, చేతిలో యంత్రాన్ని వంచి తిప్పే వీలు పెట్టారు. నింటెండో పాత కన్సోల్ గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌ని తగిలించుకుంటే దాని నొక్కుడు ట్రిగ్గర్లు కూడా పనిచేసేట్టు చేశారు! మామూలు బటన్‌తోనే ఆడేవాళ్ల కోసం సాధారణంగా చేసే ఉపాయం ఏమిటంటే, నొక్కగానే గ్యాస్‌ని సున్నా నుంచి నూటికి దూకనివ్వకుండా కొద్దిగా మెట్లమీదుగా పెంచడం, చక్రం జారబోతే కోడే తగ్గించడం. ఎక్కువ మెట్లు పెడితే కారు మొద్దు అనిపిస్తుంది, తక్కువ పెడితే గిరగిరా తిరుగుతుంది. దీనికి సూత్రం లేదు. ఆడి, మార్చి, మళ్లీ ఆడటమే. నా అనుభవంలో గ్రాఫిక్స్‌కి పట్టినంత కాలం దీనికీ పడుతుంది, మేనేజర్లు మాత్రం షెడ్యూల్లో దీనికి చిటికెడే చోటిస్తారు.

వేలి సమస్య కొత్తదేం కాదు. తొలి ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో స్టిక్కే లేదు, బాణం బటన్లే. అందుకే నామ్కో 1995లో నెగ్‌కాన్ అని ఒక కంట్రోలర్ చేసింది. మధ్యలో కీలు ఉంటుంది, రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టినట్టు తిప్పితే కారు తిరుగుతుంది. ఇటు చివర, 2022లో వచ్చిన గ్రాన్ టురిస్మో 7ని ప్లేస్టేషన్ 5లో ఆడితే బ్రేకు ట్రిగ్గర్ వేలిని ఎదిరించి నెడుతుంది, టైరు జామ్ కాబోతే వణుకుతుంది. అదే ఆట ప్లేస్టేషన్ 4లో కూడా ఉంది, అక్కడ ఆ వేలి కబురు అందదు.

కాగితాల పని గురించి రెండు ముక్కలు. ఆట తయారయ్యాక కన్సోల్ కంపెనీ పరీక్ష పెడుతుంది. రేసు మధ్యలో కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే ఆట ఆగాలి. సేవ్ అవుతుండగా కరెంటు పోతే పాత సేవ్ చెడకూడదు. ఇలాంటి నియమాలు చాంతాడంత ఉంటాయి. కార్ల కంపెనీలతో, పాటల కంపెనీలతో ఒప్పందాలు కొత్త యంత్రానికి కూడా వర్తిస్తాయో లేదో చూసుకోవాలి. సెగా అవుట్‌రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్‌ని 2009లో తెచ్చి, ఫెరారీ లైసెన్సు గడువు తీరాక అమ్మకం నుంచి తీసేసింది. ఫోర్జా హొరైజన్ 4 కూడా 2024 డిసెంబర్ 15 తర్వాత కొనడానికి దొరకడం లేదు. కోడ్ బ్రహ్మాండంగా ఉన్నా కాగితం చెల్లకపోతే అంతే సంగతులు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: అన్నా, ఇప్పుడు అందరూ ఆటలు కట్టడానికి అన్‌రియల్, యూనిటీ లాంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ఇంజిన్లే వాడుతున్నారు కదా. కన్సోల్ పేరు ఎంచుకుని బటన్ నొక్కితే అయిపోదా?)

ఆట మొదలవుతుంది తమ్ముడూ, ఆ మాట నిజమే. టైటిల్ కనబడుతుంది, కారు కదులుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. సెకనుకు ఎన్ని ఫ్రేములో చూస్తే పదకొండో పన్నెండో ఉంటాయి. అక్కడినుంచి నేను చెప్పిందంతా మొదలు. ఇప్పటి పెద్ద కన్సోళ్లు లోపల ఒకదానికొకటి బాగా దగ్గర, ఆ మేరకు పని తగ్గింది. అయినా 2021లో ఎక్స్‌బాక్స్‌కి వచ్చిన ఫోర్జా హొరైజన్ 5ని 2025 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 5కి తెచ్చినప్పుడు అసలు స్టూడియోలతోపాటు పానిక్ బటన్ అనే పోర్టింగ్ స్టూడియో కూడా పనిచేసింది. బటన్ నొక్కితే అయ్యేదైతే వాళ్లకి డబ్బులెందుకిస్తారు?

(ఒక తండ్రి: బాబూ, దీంట్లో ఉద్యోగాలున్నాయా? ఇంజినీరింగ్ చదివి ఆటలంటే మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు.)

ఉన్నాయండీ. బెంగళూరు, హైదరాబాద్, పుణె వైపు స్టూడియోలున్నాయి. బెంగళూరు ధ్రువ ఇంటరాక్టివ్ 1997లో మొదలైంది, ఫోర్జా ఆటలకి ఆర్ట్ పని చేసింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలంత విరివిగా లేవు, అది దాచను. జీతం మొదట్లో తక్కువే ఉండొచ్చు. కానీ పోర్టింగ్ నేర్చినవాడికి ప్రాసెసర్, మెమరీ లోపలివరకూ తెలుస్తాయి. ఆటల పని నచ్చకపోయినా కారు కంపెనీల సాఫ్ట్‌వేర్‌లోకో చిప్ కంపెనీలోకో పోవచ్చు. మా నాన్నగారికి నేను ఇదే చెప్పి ఒప్పించాను. ఆయన సగమే ఒప్పుకున్నారనుకోండి.

(ఒక విద్యార్థిని: డెవలపర్ యంత్రం మాకు దొరకదు కదా. ఇంట్లో కూర్చుని ఎలా నేర్చుకోవాలి?)

సూపర్‌టక్స్‌కార్ట్ అని ఉచిత రేసు ఆట ఉందమ్మా. సీ ప్లస్ ప్లస్‌లో రాసింది, కోడంతా బహిరంగం. దాన్ని దించుకుని, ఇంట్లో అటకెక్కించిన పాత లాప్‌టాప్ ఏదైనా ఉంటే దాని మీద ఆ కోడ్‌ని కంపైల్ చేసి నడపండి. తడబడుతూ నడుస్తుంది. అదే మీ కొత్త కన్సోల్ అనుకోండి. సగటు ఫ్రేమ్ రేటు చూసి మోసపోవద్దు, ఒక ల్యాపులో అన్నిటికంటే ఎక్కువసేపు పట్టిన ఫ్రేము ఏదో, అది ట్రాకులో ఏ చోట వచ్చిందో కనిపెట్టండి. ఆ చోట ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోండి. ఏది తీస్తే ఎన్ని మిల్లీసెకండ్లు మిగిలాయి, తీశాక నడపడంలో ఏమైనా తేడా తెలిసిందా, రెండూ పక్కపక్కన ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు నేనైతే సర్టిఫికెట్ల కంటే ముందు ఆ నోటుబుక్కే చూపించమంటాను.